పదకొండు అంగుళాల సింహాయం

కొలిచేది ఒకరు, కోసేది మరొకరు అయినప్పుడు, ప్రమాదంలో పడే వేళ్ళు ఎప్పుడూ కొలిచినవారివే ఎందుకవుతాయి? పాలకొల్లులోని మా వడ్రంగి షెడ్డులో దీనికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

నేను ఒక రౌటర్ మిషన్ను. ఆరు కిలోల బరువు, చెవుల్లాంటి రెండు పిడులు, నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతూ కోసే బిట్టు. చెక్క అంచులకు వంపులూ గాడులూ తీర్చడం నా వృత్తి. నా మొదటి యజమాని, భీమవరంలో ఒక కాంట్రాక్టరు, రెండేళ్ళపాటు నన్ను దసరాకు బొట్టు పెట్టడానికి తప్ప బయటికి తీయలేదు. భక్తికి లోటు లేదు, పనే లేదు.

ఆయన దగ్గర నన్ను కొన్న గురవాచారిగారు, చేత్తో ఆడించడానికి బరువెక్కువని, నన్ను ఒక బల్ల కింద తలకిందులుగా బిగించదలిచారు. పైకి బిట్టు మాత్రమే కనబడాలి. చెక్కను దాని మీదుగా తోయాలి. తోయవలసినవి ఆయన చేతులు కావు, కోడలు మాణిక్యాంబ చేతులు.

ఆమె నన్ను మూడుసార్లు కొలిచింది. అల్యూమినియం పలకకు బిగించిన నన్ను పైనుంచి దింపాలంటే, పిడులు పట్టే రంధ్రం కావాలి. పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది వెడల్పు అని బల్ల అడుగున పెన్సిలుతో రాసింది. ద్వారబంధాలకు ఆయం కట్టడంలో, అంటే కొలతల శేషాన్ని బట్టి మంచిచెడ్డలు తేల్చడంలో, పేరున్న గురవాచారిగారు ఆ రెంటినీ హెచ్చించి, ఎనిమిదితో భాగించారు. శేషం నాలుగు.

"శ్వానాయం! కుక్క ఆయమొచ్చిందే అమ్మాయ్. పదకొండు పెడితే శేషం మూడు, సింహాయం. దివ్యంగా ఉంటాది."

"అది గుమ్మం కాదండి మావయ్యగారూ, మిషను దిగే కన్నం. పిడులే పదకొండున్నర ఉన్నాయి."

"కన్నమైతే మాత్రం? దాటేదల్లా ద్వారమే. నువ్వు పుట్టకముందునుంచీ కొలుస్తున్నాన్నేను."

పదకొండే కోశారు. నేను దిగలేదు. సింహం అరంగుళం కూడా పక్కకు జరగలేదు. అప్పుడాయన నన్ను పలకనుంచి విప్పి, కన్నానికి అడ్డంగా కొట్టిన ప్లైవుడ్ ముక్కకు అడుగునుంచి రెండు చెక్క మరలతో వేలాడదీశారు. మూడు బోల్టులు మోయవలసిన భారం అది. తక్కినది శాస్త్రం మోస్తుందని కాబోలు.

"ఇంక తొయ్యమ్మా. మండపం తలుపులు రేపటికివ్వాలి."

"వేళ్ళు నాయండి," అంది మాణిక్యాంబ. "ముందు కర్రతో తోసి చూస్తాను. మీరు పక్కకి రండి."

పనికిరాని ముక్కనొకదాన్ని బల్లమీద పెట్టి, బారెడు కర్రతో తోసింది. నేను గర్జించాను. రెండు క్షణాల్లో ఒక మర ఊడింది; నేను ఒరిగాను; నా బిట్టు ఆ ముక్కను పట్టి ఎదురు గోడకు విసిరింది. విశ్వకర్మ పటం అద్దం భళ్ళుమంది. ఆమె స్విచ్చి ఆపి, తన పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా చూసుకుంది.

"శకునం బాగోలేదు," అన్నారు గురవాచారిగారు.

"శకునం కాదండి. అంగుళం."

ఆ మధ్యాహ్నమే ఆమె ఆ రంధ్రాన్ని పన్నెండుకు పెంచింది. నన్ను పలకకు మూడు బోల్టులతో బిగించి, పైనుంచి దింపింది. పలక అంచు బల్లతో సమంగా కూర్చుంది. మీద గోరు పెట్టి లాగినా అతుకు తగలదు. తలుపులు వేళకే వెళ్ళాయి.

ఆ తరువాత షెడ్డుకు ఎవరొచ్చినా గురవాచారిగారు బల్లమీద చెయ్యి వేసి అనే మాట ఒక్కటే: "ఆయం చూసి నేనే కోశానండి. సింహాయం! అందుకే ఇంత నిక్కచ్చిగా ఉంది." వచ్చినవారు తలలూపుతారు. ఒక్కరూ టేపు తీయరు. నాలుగడుగుల దూరంలో మాణిక్యాంబ చెక్క తోస్తూనే ఉంటుంది. నా మోతలో ఆ మాట ఆమెకు వినబడదని వారి నమ్మకం. ప్రతిసారీ వినబడుతుంది, తోపు ఒక్క క్షణం ఆగడం నాకు తెలుస్తుంది.

చదివి జాలిపడి ఊరుకోకండి. మా షెడ్డుకు రండి. వంగి, బల్ల అడుగున పెన్సిలు రాత చదవండి. టేపు పెట్టి కొలవండి. లేచి నిలబడి, గురవాచారిగారు వింటూ ఉండగా, ఈ బల్ల ఎవరి చేతి పనో ఆమె పేరు పెట్టి చెప్పండి.