మొగలి చాప కింద

"ముందు పొయ్యి రాజెయ్యి లోసా, వాళ్ళకి భోజనాలు పెట్టాలి," అంది అమ్మ. వాళ్ళంటే మా అత్తవారు. తెల్లవారుతూనే వచ్చి మా అన్నయ్య ఇంటి ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య నా మొగుడు సెమిసి, నెత్తిన చాప కప్పుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. అన్నయ్య వెళ్ళి ఆ చాప ఎత్తితే క్షమించినట్టే. ఆపైన అందరూ కలిసి తింటారు, నేను మూట సర్దుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళాలి. మా సమోవాలో ఎన్ని తగువులు ఇలా తీరలేదు!

సెమిసి కొట్టింది నన్ను. పోయిన ఆదివారం పాస్టరుగారికి పెట్టిన కూర ఉప్పగా ఉందని, ఆయన వెళ్ళగానే దవడ వాయగొట్టాడు. ఆ సాయంత్రమే పుట్టింటికి వచ్చేశాను. ఇప్పటికీ నోరు సరిగ్గా తెరవలేను. మరి క్షమించడం అన్నయ్య పనెలా అయింది? సీమపనస చెక్కు తీస్తూ కూర్చున్నాను. క్షమించడమంటే నొప్పి పోవడమా, మళ్ళీ వంట మొదలుపెట్టడమా? నా కోపం పోయిందని నా తరఫున ఇంకొకరు చెప్పేస్తే పోతుందా?

"ఎండెక్కుతోందే. పాపం, ఎంతసేపని వంగి ఉంటాడు?"

"వారం నుంచి గంజే తాగుతున్నాను. నన్ను చూసి పాపం అనలేదేమ్మా?"

"ఊరుకోవే. మీ అన్నయ్య పరువు చూడు."

లేచి స్తంభాల మధ్య నుంచి చూశాను. చాప అంచున ఎర్ర ఈకలు, మూలన వంకరపోయిన అల్లిక. అది నా చాప! మొగలాకు ఉడకబెట్టి, ఎండబెట్టి, దారాల్లా చీల్చి, ఏళ్ళ తరబడి నడుం పడిపోయేలా అల్లాను. "ఆకులల్లడం కూడా ఒక పనేనా?" అనేవాడు సెమిసి. "దీపంలో కిరసనాయిలు దండగ," అనేది అత్త. ఇవాళ వాళ్ళ పరువు దక్కించడానికి ఆ ఇంట్లో అంతకన్నా విలువైనది దొరకలేదు కాబోలు. నన్నొక్క మాట అడగకుండా తెచ్చేసుకున్నారు.

అన్నయ్య లేచాడు. ఆయన కన్నా ముందు నేను ముంగిట్లోకి దిగాను.

"లోసా! లోపలికి నడు. ఇది పెద్దల వ్యవహారం."

"దెబ్బలు మాత్రం నా ఒక్కదానివేనా అన్నయ్యా?"

చాప లాగేశాను. అత్త ముఖం వెలిగిపోయింది.

"మా తల్లే! క్షమించేసింది."

చాప మడిచి చంకలో పెట్టుకున్నాను.

"లేదత్తా. నా చాప నేను తీసుకున్నానంతే. పొయ్యి రాజెయ్యలేదు, ఇక బయల్దేరండి."