చేప పేగుల డ్రమ్ము

ఎల్బీ నగర్ రోడ్డు వారన చేపలు కోసి అమ్మే అండాలమ్మ పట్టు పట్టిందంటే ఇక అంతే సంగతులు. ఈసారి పేగులూ తలకాయలూ మురిక్కాల్వలో కనబడితే గంప పెట్టుకునే చోటే ఉండదని కార్పొరేషన్ మనిషి తెగేసి చెప్పాడు. ఆ చోటు పోతే ఆమె బతుకేం కాను? అందుకే రైతుల మీటింగులో విన్నట్టు, చేపల చెత్తకు సమానంగా బెల్లం కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో ఊరబెట్టింది. ఊరితే ఆ రసం మొక్కలకు మంచి బలం. బాలాపూర్‌లో ఆకుకూరలు పండించే తిరుపతి తీసుకుంటానని మాట కూడా ఇచ్చాడు.

కాకపోతే డ్రమ్ము ఉన్నది ఇంటి ఓనరు హనుమాయమ్మ పెరట్లో. ఆవిడది భీమవరం వైపు. ఆవిడ నోటికి వీధంతా హడల్!

“ఏవమ్మా, ఏంటీ కంపు? ఇల్లు ఖాళీ చేయిస్తానంతే!”

“జర ఓపిక పట్టుండ్రి అమ్మా. వాసన బయటికి రాకుండ చేస్త.”

చేసింది మహాతల్లి! రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వాలని తెలిసీ, ఓనరమ్మకు భయపడి మూత బిగించి పైన సన్నెకల్లు పెట్టింది. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు అంటే అండాలమ్మ ముందుండాల్సిందే. డ్రమ్ము సంగతే మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం చౌరస్తాలో అందరికీ అన్నం వడ్డించి ఇల్లు చేరిందో లేదో, పెరట్లో ఢామ్మంది! మూత ఎగిరి గోడ దాటింది. బెల్లం పాకంతో సహా పేగులన్నీ గోడలకూ, ఆరేసిన చీరలకూ, అక్కడే నిలబడ్డ హనుమాయమ్మ మొహానికీ పట్టాయి. “బాంబు! బాంబు!” అంటూ వీధి వీధంతా పరుగులు. చౌరస్తాలో బందోబస్తుకొచ్చిన పోలీసులు లాఠీలతో లోపలికి వచ్చిపడ్డారు.

“ఎవరిదిది?” ఎస్సై గద్దించాడు.

అండాలమ్మ మెడలో ఉద్యమం కండువా ఇంకా అలాగే ఉంది. ముందుకొచ్చింది. “నాదే సారూ. చేపల ఎరువు.”

“ఎరువు పేలుతుందా? నడువు స్టేషన్‌కి!” ఎస్సై హనుమాయమ్మ వైపు తిరిగాడు. “ఓనరు మీరేనా? ఈమె మీద కంప్లైంటు ఇస్తారా?”

హనుమాయమ్మ చెంప మీది పేగు తీసి విసిరికొట్టింది. ఆవిడ ఊఁ అంటే చాలు, అండాలమ్మకు ఇల్లూ పోతుంది, రోడ్డు మీది చోటూ పోతుంది.

“ఆవిడదేంటండీ? మాది. ఇద్దరం కలిసే పెట్టాం,” అంది హనుమాయమ్మ. “మా వైపు కొబ్బరి మొదట్లో చేపల చెత్తే పాతిపెడతాం. బాంబంట, బాంబు! దగ్గరకొచ్చి వాసన చూడండి.”

ఎస్సై ముక్కు మూసుకుని వెనుదిరిగాడు.

అండాలమ్మ భోరుమంది.

“ఏడుపు తర్వాత. ముందు గోడలు కడుగు.”

“కడుగుత. కడిగి మల్ల పెడతనమ్మా, ఇడిసేది లేదు. ఈసారి మా లైన్ల గంపలోళ్ళందరి పేగులు గూడ తెస్త.”

హనుమాయమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“అందరివీ అయితే ఒక్కటేం సరిపోతుందే, మొద్దూ!” అంటూ బాత్‌రూంలోంచి తన నీళ్ళ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది.