రెండొందల పద్నాలుగు ఊలు

గోవిందప్ప ఫోన్ చేసేసరికి జాయ్ ఎడిటింగ్ గదిలో కూచుని, పోయిన వారం వచ్చిన ఒక పెద్దమనిషి ఉపన్యాసంలోంచి దగ్గులు ఏరుతోంది.

"ఏం పాపా, నన్ను పిచ్చోన్ని చేసినావే," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. జాయ్‌కి అందుకే భయమేసింది.

"ఏమైంది తాతా?"

"ఏమైందా? ఊరంతా సెల్లులో నన్నే చూస్తాండారు. ఒక మాట చెప్పేది, పక్కకు తిరిగి గోడను చూసి తల ఊపేది. మళ్ల ఒక మాట, మళ్ల గోడ. వీరప్ప టీ అంగడి కాడ నిలబడి నా మాదిరి చేసి చూపిస్తాండాడు. గోవిందప్పకు గోడ బదులు చెప్తాదంట అని ఒకటే నగు. ఆ పెద్ద కరువు కత చెప్పేకి నేను రాను. మీ మేడమ్మకు చెప్పు."

ఫోన్ పెట్టేశాడు.

గార్లదిన్నె దాటాక హైవే పక్కన, గాలిమరల కింద కొత్తగా కట్టిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అది. బస్సు కండక్టర్లు దాన్ని బొమ్మల కాలేజీ అంటారు. ఆర్ట్స్ అన్నాక బొమ్మలే కదా వేసేది. జాయ్ బి.టెక్ చదివి అందులో రికార్డింగ్ ఉద్యోగంలో చేరింది. నెలకు రెండుసార్లు ఒక రచయిత వస్తాడు. హేమ మేడమ్ ఎదురుగా కూచుని ప్రశ్నలు అడుగుతుంది. జాయ్ రికార్డు చేసి, శుభ్రం చేసి, కాలేజీ ఛానెల్‌లో పెడుతుంది. ఒక్కో సంభాషణను అరవై మంది చూస్తారు. అందులో నలభై మంది అటెండెన్స్ కోసం చూసే పిల్లలు.

గోవిందప్ప వీడియో మాత్రం మూడువేలు దాటింది. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు కాసుకునే మనిషి. ఏడో తరగతితో బడి మానేసినా, విన్న కథలన్నీ నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. కాలేజీయే వాటిని పుస్తకంగా వేసింది. కథలు నచ్చే వీడియో అంత పోతోందనుకుని జాయ్ మురిసిపోయింది. అసలు కారణం ఇప్పుడు తెలిసింది.

వీడియో తెరిచి చూసింది. వీరప్ప అన్న మాట నిజమే. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. కుడిపక్కకు చూస్తాడు. తృప్తిగా తలాడించి ఇంకో వాక్యం ఎత్తుకుంటాడు. కుడిపక్క ఖాళీ.

రికార్డు చేసిన రోజు అక్కడ ఖాళీ లేదు. ఆయన భార్య అక్కమ్మ ఉంది. "ఇది పక్కన లేకపోతే నాకు కత రాదు," అని ఆయన పట్టుబడితే, కెమెరాకి కనబడకుండా ఒక కుర్చీ వేసి కూచోబెట్టారు. ప్రతి మాటకూ అక్కమ్మ ఊ కొట్టింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని 'మాట కాని శబ్దం, 214 చోట్ల' అని పట్టి చూపించింది. అన్నీ తీసెయ్యాలా అని అడిగింది. జాయ్ తీసెయ్ అంది. నొక్కిన వేలికి సెకను కూడా పట్టలేదు.

తను ఎక్కడో పుట్టి ఉంటే సరే అనుకోవచ్చు. ముదిగుబ్బ యేసన్న కూతురు. వాళ్ల అవ్వ కథ చెప్తుంటే ఊ కొట్టకపోతే, కాలెత్తిన రాజు ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడేవాడు. అది తెలిసిన మనిషి, మెషిన్ అడిగేసరికి మర్చిపోయింది.

అసలు రికార్డింగ్ కూడా లేదు. కాలేజీకి ఉన్నవి నాలుగు మెమరీ కార్డులు. ఆ కార్డు మీద ఇప్పుడు వార్షికోత్సవం డాన్సులున్నాయి.

హేమ మేడమ్ అంతా విని కళ్లజోడు తీసింది. "వీడియో ఇప్పుడే తీసెయ్. కానీ జాయ్, ఆ కరువు కథ నోటుబుక్కుల్లో లేదు. ఆయన నోట్లో తప్ప ఎక్కడా లేదు. నువ్వే పోయి మాట్లాడు."

మర్నాడు పొద్దున బస్సు దిగి జాయ్ వాళ్లింటికి పోయేసరికి గోవిందప్ప మందతో బయటికి పోయున్నాడు. అక్కమ్మ వాకిట్లో విత్తనాలకు చెనక్కాయలు వొలుస్తోంది.

"అవ్వా, తప్పు నాదే. నీ ఊలన్నీ నేనే తీసేసినా," అంది జాయ్.

"తీసేస్తే ఏం చేసుకుంటివి పాపా వాటిని?" అంది అక్కమ్మ. నవ్వులాటకో నిజంగానో జాయ్‌కి అర్థం కాలేదు.

జాయ్ దగ్గర ఒక ఉపాయం ఉంది. బస్సులో చాలా తెలివైనదిగా కనిపించింది. పాత వీడియో వినిపిస్తూ అక్కమ్మ చేత మళ్లీ ఊ కొట్టించి, అతికించడం. హెడ్‌ఫోన్ తగిలించింది. అక్కమ్మ కొంగు సర్దుకుని శ్రద్ధగా వింది. ఊ, ఊ అంటూ పోయింది. ఒకచోట ఆగిపోయింది.

"అవ్వా, ఈడ అనలేదు."

"ఈడ అననే లేదు. అరవై గొర్లు అన్న్యాడు. యాడివి అరవై? నలభై."

జాయ్ వెనక్కి తిప్పి చూసింది. వీడియోలో ఆయన అరవై గొర్రెలంటాడు. పక్కకు చూస్తాడు. గొంతు సవరించుకుని, "నలభై అనుకో," అంటాడు. ఛానెల్‌లో ఉన్నప్పుడు దాని కింద ఎవరో 'తాతకు మతిమరుపు' అని రాశారు. నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు.

"అబద్ధమైతే ఊ కొట్టవా అవ్వా?"

"కతలో ఏనుగు ఎగిరితే కొడతా. అది కత. మన ఇంట్లో జరిగింది మార్చి చెప్తే ఎందుకు కొట్టాల?"

జాయ్ హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. అతికించే ఉపాయం అక్కడితో సరి. తను తీసేసింది శబ్దం అనుకుంది. అది ఆ ఇంట్లో నలభై అయిదేళ్లుగా నడుస్తున్న ఎడిటింగ్.

మధ్యాహ్నం గోవిందప్ప మందను దొడ్లోకి తోలి వచ్చాడు. జాయ్‌ని చూసి కంబళి గోడకు కొట్టి దులిపాడు.

"ఎందుకొచ్చినావు? గోడను కూడా తీసుకుపోయేకా?"

"తాతా, కాలేజీకి రావద్దులే. ఈడే చెప్పు. కెమెరా లేదు, వట్టి గొంతులే. అవ్వ ముందర ఒక మైకు పెడతా."

"నగుబాటు పోతాదా దానితో?"

"చెప్పలేను. ఆ పాత వీడియో అయితే తీసేసినా."

ఆయన చాలాసేపు భార్య వైపు చూశాడు. ఆమె చెనక్కాయల వైపు చూసింది. చివరికి గడప మీద కూచున్నాడు. జాయ్ గంప బోర్లించి దాని మీద రికార్డర్ పెట్టింది.

"మూడేండ్లు వాన లేదు," అని మొదలుపెట్టాడు.

"ఊ."

"గొర్లకు మేత లేక, నాగజెముడు ముండ్లు కాల్చి పెడితిమి."

"ఊ."

"మేత సరే, నీళ్లు? మంద పండుకుంటే లేచేకి ఓపిక లేదు. అప్పుడు నేనూ ఇదీ ఎండిన వంక ఇసుకలో చెలిమ తవ్వితిమి. నీళ్లు పడె."

అక్కమ్మ ఒక కాయ వొలిచింది.

"మోకాటి లోతు తవ్వితిమి. నీళ్లు పడె," అన్నాడు గోవిందప్ప.

ఇంకో కాయ వొలిచింది.

"ఏమే?"

"చెప్పు. ఇంటానే ఉండా."

దొడ్లో ఒక పిల్ల అరిచింది. గోవిందప్ప రికార్డర్ ఎర్రలైటు వైపు చూశాడు, దాని అవతల రోడ్డు వైపు చూశాడు. జాయ్‌కి ఆపనా అని అడగాలనిపించింది.

"చెలిమ కాదు," అన్నాడాయన. "బావి. వీరప్ప వాళ్ల నాయన బావి. వాళ్లంతా కదిరికి పెండ్లికి పోయినారు. పట్టపగలు మందను తోలుకోని పోయి, నేనూ ఇదీ తోడినాం. అడుగున బురద కనపడేదాకా తోడినాం. వాళ్లు వచ్చేసరికి బావిలో ఏమీ లేదు. ఎండిపోయిందనుకున్న్యాడు ఆయప్ప. వారం తిరక్కుండా ఎద్దులను సంతకు తోలినాడు. మేమూ ఆ బావి కాడికి పోయి నిలబడి, అయ్యో పాపం అంటిమి."

"ఊ," అంది అక్కమ్మ.

రికార్డర్ మీద సన్నటి గీత లేచి పడింది.

జాయ్, "ఇది ఛానెల్‌లో పెట్టాల్నా తాతా?" అని అడిగింది.

"ఎట్లాగూ నగుతానే ఉండారు కదా, ఇంక మొగాన ఉమ్మనీ," అన్నాడాయన. మళ్లీ ఆగి, "ఉండు. ముందు వీరప్పకు ఇనిపీ. వాడు సరే అంటేనే పెట్టు," అన్నాడు.

"నువ్వే పోయి చెప్పగూడదా?" అంది అక్కమ్మ.

"ఇన్నేండ్లూ పోలేదు. ఇప్పుడు కాళ్లు ఎత్తితే లేస్తాయా?"

టీ అంగడి కాడే ఉన్నాడు వీరప్ప, అరవై దగ్గర పడ్డ మనిషి, బాగా మాటకారి. జాయ్ హెడ్‌ఫోన్ చేతికిస్తే చుట్టూ ఉన్నవాళ్లకు కన్ను గీటాడు. "ఏం పాపా, ఈ తూరి గోడ కూడా మాట్లాడతాదా?" అంటూ తగిలించుకున్నాడు. చెవులు మూసుకుంటే తన గొంతు తనకు వినబడదు కాబట్టి, గట్టిగా, ఊ, ఊ అని మొదలుపెట్టాడు. బెంచీ మీది వాళ్లు నవ్వారు. నాగజెముడు దాకా ఊ కొట్టాడు. తర్వాత ఆపాడు. గ్లాసు కింద పెట్టాడు. అయిపోయాక కూడా హెడ్‌ఫోన్ తియ్యలేదు.

"ఏమంటాడు వీరన్నా?" అని ఎవరో అడిగారు.

"గొర్ల కత," అన్నాడు. జాయ్‌ని పక్కకు పిలిచాడు. "ఆ ఎద్దుల్లో ఒకదానికి కొమ్ము వంకర. దాని పలుపు పట్టుకోని సంతదాకా ఏడ్సుకుంటా పోయినా నేను. అది చెప్పలేదే వాడు?"

"ఆయనకు తెలీదేమో అన్నా."

"తెలీదు. మేము సంతకు పొయ్యేది చూసేకి వాడు యాడుండాడు?" హెడ్‌ఫోన్ తీసి వైరు చుట్టి ఇచ్చాడు. "పెట్టొద్దు దీన్ని. ఈ పెట్టెకు నేను ఊ కొడితే అది వానికి యాడ ఇనపడతాది? నా ముందర కూచోని చెప్పమను."

"ఆయన రాలేనన్నాడు."

"నాకు కాళ్లు లేవా?"

టీ తాగకుండానే నడిచాడు. జాయ్ వెనకే పరుగెత్తింది.

గోవిందప్ప ఇంకా గడప మీదే ఉన్నాడు. వస్తున్న మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. అక్కమ్మ ఏమీ అడగకుండా మంచం తెచ్చి వేసింది. వీరప్ప కూచున్నాడు. జాయ్ సంచిలోంచి రికార్డర్ తీసి, అడగాలా వద్దా అన్నట్టు చేతిలోనే పట్టుకుంది.

"పెట్టుకో," అన్నాడు వీరప్ప దాని వైపు చూడకుండానే. "దీంట్లో ఏదీ తీసెయ్యాకు, అంతే."

గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. వానల దగ్గర మొదలుపెట్టలేదు, గొర్రెల దగ్గరా మొదలుపెట్టలేదు.

"మీ నాయన బావి నీళ్లు నేను దొంగలించినా వీరప్పా," అన్నాడు.

వీరప్ప ఊ అనలేదు. లేచి పోనూ లేదు.

గోవిందప్ప కాసేపు చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు. "మీరు పెండ్లికి పోయిన పొద్దు..."