విప్పని షూలు

మా క్లినిక్‌లో ఎవరైనా సరే, బరువు తూచే ముందు రెండు షూలూ విప్పాల్సిందే. ఆ పద్ధతి పెట్టింది నేను. బరువు కోసం కాదు, కాళ్ల కోసం. బరువు వంకన షూలు విప్పిస్తే రెండు పిక్కలూ పక్కపక్కన కనపడతాయి. ఒక్కటే వాచి ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరిందంటే మనిషి కూర్చున్నచోటే పోతాడు. ఫిజిషియన్ అసిస్టెంటుగా ఇరవై రెండేళ్లలో అలాంటి వాళ్లను నలుగురిని పట్టుకున్నాను.

ఈ నెల ఒకటో తారీఖుతో ఆ చూపు చెల్లకుండా పోయింది. రోగిని పరీక్షించాలన్నా, ఫైల్లో అభిప్రాయం రాయాలన్నా అసిస్టెంటుకు మాస్టర్స్ డిగ్రీ ఉండాలట. నాది రెండేళ్ల డిప్లొమా. నన్ను తీసుకొచ్చి వరండాలో తూకం మెషీన్ పక్కన కూర్చోబెట్టారు. బరువు, బీపీ, జ్వరం రాసి లోపలికి పంపాలి. నా గదిలోకి మాస్టర్స్ చేసిన మా మేనకోడలు వచ్చింది. సెలవులొస్తే నా వెనకాలే తిరిగి పని నేర్చుకున్న పిల్ల. నాడి ఎక్కడ కొట్టుకుంటుందో దాని వేలు పట్టుకుని చూపించింది నేనే.

"ఇన్నేళ్లూ నేను చేసిందేంటి మరి, నాటకమా?" అని డాక్టరుగారిని అడిగాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నువ్వు బాగానే చేశావయ్యా. నీలా చేయనివాళ్లూ ఉన్నారు కదా, రూలు వాళ్ల కోసం" అన్నాడు. అందులో న్యాయముందని నాకూ తెలుసు. నాతో చదివినవాళ్లలో స్టెతస్కోపును మెడలో గొలుసులా వేసుకు తిరిగిన ఘనులు లేకపోలేదు. తెలిసినంత మాత్రాన ఒళ్లు మండకుండా ఉంటుందా?

నిన్న ఒకావిడ కళ్లు పచ్చబడ్డాయని తలుపు తీసి చెప్పబోయాను. మేనకోడలు తలెత్తకుండానే, "మామయ్యా, మీరు కొలతలు రాసి పంపండి, చాలు. నేను చూస్తాను కదా" అంది. పేషెంటు ముందే అంది. ఇంట్లో నన్ను నువ్వు అంటుంది. ఆ 'మీరు' నాకు గౌరవంలా వినపడలేదు. సరే, కొలతలే కదా, కొలతలే ఇస్తాను అనుకుని వచ్చి కూర్చున్నాను. రాత్రి ఇంట్లో కూడా దాంతో మాట్లాడలేదు.

ఇవాళ మూడింటికి స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. అతన్ని అందరూ హారన్ అంటారు. మనిషి కంటే ముందు నవ్వు లోపలికొస్తుంది.

"ఎడమ పిక్క పట్టేసింది సార్. మొన్న పిల్లల్ని టూరుకి తీసుకెళ్లి రెండు రోజులు సీట్లోంచి లేవలేదు. క్లచ్ తొక్కి తొక్కి ఇలా అయింది" అన్నాడు. ఫోనూ తాళాలూ ట్రేలో పెట్టాడు. కుడి షూ లేసు బిగించి ఉంది. ఎడమది పూర్తిగా వదులు చేసి ఉంది, అయినా పాదం అందులో ఇరుక్కున్నట్టే ఉంది.

చూశాను. చూడలేదని ఎవరితోనూ అనలేను.

అతను అలవాటుగా షూలు విప్పడానికి వంగాడు. "అక్కర్లేదు, ఎక్కు" అన్నాను.

ఎందుకన్నానో నాకు అప్పుడే తెలుసు. డిగ్రీ ఉన్నవాళ్లు చూస్తారు కదా, చూడనీ అనుకున్నాను. చూడకపోతే అప్పుడు నేను వెళ్లి చెప్పొచ్చు అనీ అనుకున్నాను. ఆ రెండోదే జరగాలని లోపల ఎక్కడో కోరుకున్నాను. షూలతో ఎనభై మూడు కిలోలు చూపించింది. ఒక కిలో తీసేసి ఎనభై రెండు రాశాను. పోయినసారీ ఎనభై రెండే.

పది నిమిషాల్లో బయటికొచ్చాడు. అప్పుడు నేనొక ముసలావిడకు బీపీ చూస్తున్నాను. "మాత్రలు రాసింది సార్, బడి వదిలే టైమైంది" అంటూ ట్రేలోంచి తాళాలు లాక్కుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లాడు. పిలవొచ్చు. ఈవిడది అయ్యాక లోపలికెళ్లి ఆ చదువుకున్నావిడను అడుగుదాంలే అనుకున్నాను. తర్వాత ఇంకిద్దరు వచ్చారు.

మూడున్నర దాటాక వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "డ్రైవరు పిక్క చూశావా?"

"మెల్లిగా నొక్కి చూశాను, కండరం పట్టింది."

"ప్యాంటు పైకి మడిచి రెండు కాళ్లూ చూశావా?"

"నువ్వు చూసే పంపావు కదా మామయ్యా."

"నేనెక్కడ చూశాను? కొలతలు చాలన్నావుగా."

ఆమె ఫైలు నావైపు తిప్పింది. "ఎనభై రెండు. షూలు విప్పితేనే కదా ఎనభై రెండు? విప్పించి ఉంటే వాపు నీ కంట పడకుండా పోదు. పడితే నువ్వు చెప్పకుండా ఊరుకోవు. నేను వద్దన్నా చెబుతావు. ఎప్పుడైనా ఊరుకున్నావా?"

నా ముఖం చూసి దానికి అర్థమైపోయింది.

"వాచిందా? మామయ్యా, నిజం చెప్పు, వాచిందా?"

"షూలో పాదం పట్టట్లేదు."

ఆమె ఫైల్లోని నంబరుకి ఫోన్ చేసింది. వరండాలో మోగింది. వెళ్లి చూస్తే ట్రేలో అతని ఫోను మోగుతోంది. తాళాలు తీసుకుని దాన్ని మర్చిపోయాడు. బడి ఇక్కడికి రెండు వీధులే. మేనకోడలు బ్యాగు భుజాన వేసుకుని డాక్టరుగారిని పిలుస్తూ మెట్లవైపు పరుగెత్తింది. నేను ఫోను పట్టుకుని దాని వెనకే కదిలాను. చేతిలో అది మళ్లీ మోగింది. స్కూలు అని ఉంది. ఎత్తాను.

"ఏంటయ్యా ఇది, పిల్లలంతా గేటు దగ్గరే ఉన్నారు" అంది అవతల ఒకావిడ, కోపంగా. "మలుపులో బస్సు కనపడుతూనే ఉంది. ఇంజిను ఆడుతూనే ఉంది. పది నిమిషాల నుంచి అక్కడే ఆపుకుని కూర్చున్నావేం?"