నీలం చెప్పుల చీలలు

తండ్రి పోయిన నెలలోనే ఆయన పనిముట్ల సంచీ అక్కమొగుడి భుజమెక్కింది. పియానోలు శ్రుతి చేయడం ఆయన దగ్గర నేర్చింది ఇద్దరే, ఆ పెద్దల్లుడూ చిన్నకూతురూ. చెవి చిన్నదానిది, పేరు మాత్రం అల్లుడిది.

"బావగారూ, రెండు రబ్బరు చీలలైనా ఇవ్వండి," అని అడిగిందామె. స్వరానికి మూడేసి తీగలుంటాయి. చీలలు దోపి రెంటి నోరు మూయిస్తేగానీ మూడోదాని గొంతు తేలదు.

"నా వెనక సంచీ మోసేదానికి చీలలెందుకమ్మా?" అన్నాడు బావ.

ఆమెకు ఒళ్ళు మండింది. మండదా మరి! ఆ సంచీ ఆమె తండ్రిదే కదా. ఇంటికెళ్ళి పాత పానాకు ఇనప గొట్టం అతికించి, దాని నోటిని ఆకురాయితో అరగదీసి, తీగలు చుట్టే మేకుల తలకు సరిపెట్టింది. చిరిగిన ఉన్నికోటు కత్తిరించి తీగల మధ్య దూర్చే పట్టీలు చేసింది. నీలం రబ్బరు చెప్పుల జత కోసి చీలలు చెక్కింది.

పని అడగడానికి వెళ్తే, సంగీతం బడిలో పెద్ద టీచరు ఒకే మాట చెప్పింది: "హాల్లో పియానో పలికించు. బాగుంటే బడి పియానోలన్నీ నీకే. లేదంటే మీ బావకే."

బావ కూడా వచ్చి కూర్చున్నాడు, పిలవని పేరంటానికి వచ్చినట్టు. నీలం చీలలు చూసి పగలబడి నవ్వాడు. "చెప్పులతో శ్రుతి చేస్తావా? మీ నాన్న ఉంటే చెప్పు తీసుకునేవాడు!"

"పెద్దవారు, ఏమన్నా చెల్లుతుంది మీకు," అంది పళ్ళు బిగించి.

పని ముగించి, చీలలన్నీ తీసి గుడ్డలో చుట్టుకుని, చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బావ పియానో మూత దించుతున్నాడు. "ఊరికే చూశాలే," అన్నాడు.

టీచరు వచ్చి వాయించింది. తీగలు కమ్మగా పలుకుతున్నాయి. నడిమి స్వరం దగ్గరకొచ్చేసరికి గొంతు నులిమినట్టు పీలగా పలికింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"చెప్పుముక్క లోపలే మర్చిపోయుంటుంది," అన్నాడు బావ నింపాదిగా. "ఈ గాలిపనులు వద్దని ముందే అన్నా."

టీచరు మొహం ముడుచుకుంది. చిన్నది మూత ఎత్తి, తీగల మధ్య ఇరుక్కున్నదాన్ని లాగింది. నున్నగా ఉంది. నల్లగా ఉంది. కొట్లో కొన్న చీల.

గుడ్డ విప్పి నీలం చీలల పక్కన దాన్ని పెట్టింది. టీచరు నల్లదాన్నీ నీలంవాటినీ మార్చి మార్చి చూసింది. బావ చెయ్యి తనంతట తానే జేబు తడుముకుంది.

"అడిగినప్పుడు ఒక్కటీ ఇవ్వలేదు," అంది చిన్నది. "ఇప్పుడు అడక్కుండానే ఇచ్చారే!"

"ఇది లోపలికెలా వచ్చిందండీ?" అని టీచరు ఆయన్నే అడిగింది. ఆయన నోట్లోనూ ఎవరో చీల దోపినట్టుంది.

ఇన్నేళ్ళలో బావతో 'అండీ' లేకుండా మాట్లాడి ఎరగని చిన్నది ఒకడుగు ముందుకేసింది.

"అడుగుతున్నారుగా, చెప్పు బావా. చెప్పు!"

ఏ చెప్పో ఆయనకు బాగానే అర్థమైంది.