పిన్ను దిగేదాకా

అప్పలసూరి ఉక్కు ప్లాంటు నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా వైశాలి నగర్‌లోని ఆ ఇంట్లో ఇంకా ప్లాంటు రూలే నడుస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి వస్తువుకీ, వాడొద్దని ఆయన ఎర్ర ట్యాగు కడతాడు. కట్టినవాడు తప్ప ఇంకొకరు దాన్ని విప్పకూడదు. ఒకసారి గీజరుకి ట్యాగు కట్టేసి పెళ్లికి ఊరెళ్లిపోతే, అంత చలిలోనూ నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ చన్నీళ్లే పోసుకున్నారు.

కోడలు రోహిణి కొన్న, దానంతటదే ఆగే కరెంటు ప్రెషర్ కుక్కరు ప్లగ్గుకి ఆ ట్యాగు పడి పదకొండు రోజులైంది. ఆ పిల్ల దాన్ని సరదాకి కొనలేదు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో తయారైన సామాను కొలతలు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది. వంట పూర్తిచేసి వెళ్లేట్టయితేనే వెళ్లమన్నారు ఇంట్లో. అత్త కన్నమ్మ కుడిచెయ్యి సరిగా ముడుచుకోదు. ఎప్పుడో ముప్పయ్యొక్క ఏళ్ల కిందట గంజి ఒలికి కాలిందట. మూత తిప్పలేదు, గిన్నె దించలేదు. మామగారైతే వేడెక్కిన ఏ కుక్కరూ ముట్టుకోడు. మగాళ్ల బెట్టు అనుకునేది రోహిణి. మూడేళ్లుగా విజిళ్లు లెక్కపెడుతూ ఆ పొయ్యికి కట్టేసినట్టే ఉంది. భర్త యుగంధర్‌కి చెప్పుకుంటే, నాన్న కట్టిన ట్యాగు నేనెలా విప్పుతానని డ్యూటీకి పోయాడు.

ఈ సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే ఆ రోజు పొద్దున్నే ఆమె మామగారి ముందు నిలబడి, మీరే చూసి విప్పండని అడిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. రబ్బరు గాడిలో కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమాడు. ఆవిరిపోయే కంతను వెలుతురుకి పెట్టి చూశాడు. పైనున్న అలమరకి ఆవిరి కొట్టకుండా కుక్కరుని గట్టు అంచుకి జరిపించాడు. పప్పూ నీళ్లూ కలిపి సగం గీత దాటకుండా పోయించాడు. అప్పటికిగాని ట్యాగు విప్పలేదు. విప్పి జేబులో పెట్టుకున్నాడు.

పప్పు నురగ కక్కుతుంది గనక ఆవిరి మీట తిప్పొద్దనీ, లోపలి ఆవిరి తగ్గి మూతమీది పిన్ను దానంతటది దిగేదాకా దానిమీద చెయ్యి పడకూడదనీ చెప్పాడు. అదంతా రోహిణి కుక్కరుతో వచ్చిన పుస్తకంలో చదువుకున్నదే.

ఎనిమిదింటికి ఐదు నిమిషాలుండగా కుక్కరు కూత పెట్టి ఆగింది. ఎనిమిదింటికి ఆమెని వర్క్‌షాపుకి తీసుకెళ్లే బలరాం ఆటో వచ్చింది. పిన్ను దిగలేదు. బలరాం హారన్ కొట్టాడు. మూత తియ్యకుండా వెళ్తే అత్త తియ్యలేదు, మామ తియ్యడు, మధ్యాహ్నానికి కంచాలు ఖాళీ, రేపటికి ఉద్యోగం ఖాళీ. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయింది. రెండో హారన్. పది నిమిషాలైనా పిన్ను అలాగే ఉంది. తల నెరిసేదాకా ఈ వంటగదిలోనే ఉంటాననిపించి ఏడుపొచ్చింది. మూత పట్టుకుని తిప్పింది. కదల్లేదు. గరిటె కాడతో పిన్నుని కిందికి నొక్కబోయింది.

కన్నమ్మ ఆ వంకర చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుంది.

“వద్దమ్మా. ఆవేళ ఆయనకీ ఇలాగే తొందర. పొద్దుటి షిఫ్టుకి టైమైపోనాదని గరిటెతో విజిలెత్తి మూత లాగీసినారు. నాను పక్కనే కంచం పట్టుకోని ఉన్నాను.”

రోహిణి మామగారి వైపు చూసింది. ఆయన కాదనలేదు. గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. గంజి కథ ఎవరు కల్పించారో, ఇన్నేళ్లూ ఎవరిని కాపాడుతూ వచ్చారో అప్పుడు తెలిసిందామెకి. గరిటె గట్టుమీద పెట్టేసింది.

మూడో హారన్ కొట్టాక పిన్ను టక్కున దిగింది.

రోహిణి మూతకి చెయ్యి చాపేలోపే అప్పలసూరి అడ్డం వచ్చాడు.

“నువ్వెల్లమ్మా, ఆటో పోతాది. రేపట్నించి మూత నాను తీస్తాను.”

ఆమె టిఫిను డబ్బా కూడా తీసుకోకుండా గుమ్మం దాకా పరిగెత్తి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ వెనక్కి చూసింది. కన్నమ్మ అలవాటుగా గిన్నె పట్టుకుని మొగుడి పక్కకి చేరుతోంది. ఆయన మూతమీద పెట్టిన చెయ్యి తీసేశాడు.

“నువ్వలా దూరంగా నిలబడవే” అన్నాడు, ముప్పయ్యొక్క ఏళ్లు ఆలస్యంగా.