అల్లుడు బాగుచేసిన పడవ

నా అల్లుడు నా పడవను చెడగొట్టాడు. దీని మీద వాదన లేదు. చూసినవాళ్లంతా బాగుచేశాడనే అంటారు. వాళ్ల పడవ కాదు కాబట్టి ఎన్నయినా అంటారు.

అదేమంత పెద్దది కాదు. ఒక ఇంజను, రెండు మంచాలు పట్టే లోపలి గది, గరిటె తిప్పుకునేంత వంటచోటు, పైన రేకు కప్పు. ఎండలు మొదలవగానే నేనూ నా భార్యా దాని మీద నదిలో పైకి వెళ్లేవాళ్లం. వానలు పట్టుకున్నాక తిరిగొచ్చేవాళ్లం. మా కూతురు ఈత నేర్చుకున్నది ఆ పడవ పక్కనే. ఇంట్లో ఏది ఎవరిదో నాకు తెలియదు గాని పడవ మాత్రం నాది. నేనే కొన్నాను, నేనే నడిపాను.

నా భార్య కిందటేడు పోయింది. కూర తరుగుతూ కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. జబ్బు లేదు, మాట లేదు.

ఆ తర్వాత పడవను ఒకే ఒక్కసారి బయటికి తీశాను. తిరిగి రేవులో పెడుతూ పక్కనున్న దర్జీ పడవను గీకేశాను. ముక్కు నుంచి తోక దాకా పొడుగ్గా గీత పడింది. దర్జీ కేకలు వెయ్యలేదు. గీత వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్లి, "కుట్టు వంకరపోయిందన్నా" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. వెళ్లి రేవు అధికారికి చెప్పాడు.

అధికారి కబురు పెట్టాడు. ఒంటరిగా పడవ నడిపేవాళ్లు సీజను మొదట్లో తన ఎదుట పడవను తమ చోటులో పెట్టి చూపించాలట. పెట్టగలిగితే ఆ చోటు నిలుస్తుంది. పెట్టలేకపోతే వరసలో కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది. రేవులో చోటు లేని పడవను అమ్ముకోవడం తప్ప చేసేదేమీ లేదు.

వానాకాలం పడవను గట్టుకు ఎక్కించాం. అడుగు గీకి రంగు వెయ్యమని తాళం అల్లుడి చేతికిచ్చాను. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులు ఊరికే ఉండవు. అయినా అడుగు గీకమంటే అడుగే గీకుతాడనుకున్నాను.

పడవ మళ్లీ నీళ్లలోకి దిగాక ఎక్కి చూశాను. నా పడవేనా అని దిగి, పక్కన రాసిన నంబరు చూసి, మళ్లీ ఎక్కాను.

తోక దగ్గర కొత్త మెట్టు పెట్టాడు. దాని పక్కన పట్టుకోవడానికి కమ్మీ. వంగితే గాని అందనంత కింద ఉంది. అంత కింద కమ్మీ పిల్లలకు కావాలి. మా ఇంట్లో పిల్లలు లేరు.

స్టీరింగు దగ్గరికి వెళ్లాను. నేల మీద ఒక పీట బిగించి ఉంది. కదపబోతే కదల్లేదు. దాని మీద కాలు పెట్టి లేచేసరికి తల కప్పుకు కొట్టుకుంది. లైటు వేసి చూద్దామని చెయ్యి పైకెత్తాను. స్విచ్చిలు ఎప్పుడూ అక్కడే, నా తల పైనే ఉండేవి. ఇప్పుడు అక్కడ మూసేసిన కన్నాలు మాత్రం ఉన్నాయి. స్విచ్చిలన్నీ కిందికి, నడుము దగ్గరికి దిగాయి. వాటి మధ్య టీవీ లాంటి చిన్న తెర ఒకటి. దాని పక్కన అటూ ఇటూ కదిలే చిన్న పిడి ఒకటి. అది దేనికో తెలియలేదు.

లైటు అనుకుని ఒకటి నొక్కాను. ముందు వైపు ఏదో గరగరమంది. పరుగెత్తి చూస్తే గొలుసు దానంతటదే నీళ్లలోకి దిగిపోతోంది. లంగరు పడింది. రేవులో కట్టేసి ఉన్న పడవకు లంగరు పడింది.

దర్జీ తన పడవ మీద నుంచి తొంగి చూశాడు. "ఏంటన్నా, ఇక్కడే మకామా?"

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నా. నా పనే, నువ్వు ఎటు కదులుతావో చూసుకోవడం."

అదే స్విచ్చి వెనక్కి నొక్కితే లంగరు పైకొచ్చింది. ఎవరూ ముట్టుకోకుండా వచ్చింది. ఇన్నేళ్లూ ఆ లంగరు దించిందీ తీసిందీ నా భార్య. చేతులకు తొడుగులు వేసుకుని ముక్కు మీద నిలబడేది. రేవులోకి వచ్చేటప్పుడూ అక్కడే నిలబడేది. ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని చేత్తో చెప్పేది. అరచెయ్యి దించితే నెమ్మది, పక్కకు ఊపితే అటు తిప్పు, పిడికిలి బిగిస్తే ఆపు. నేను వెనక స్టీరింగు పట్టుకుని తిప్పేవాణ్ణి. నడపడమంటే అదే.

నాకేమీ అర్థం కాక పక్క కుర్చీలో కూలబడ్డాను. అదీ కొత్తదే. ఇదివరకు అక్కడ మడతపెట్టే ఇనప కుర్చీ ఉండేది. ఈ కుర్చీ వెడల్పుగా ఉంది. నడుము నొప్పి ఉన్నచోటే సరిగ్గా మెత్త తగిలింది. మోచేతులు కుర్చీ చేతుల మీద వాలాయి. కాళ్లు బారుగా చాపుకుంటే ఎదురు పలక దాకా సరిపోయాయి. ఆ పడవలో నాకు సరిపోయిన వస్తువు అదొక్కటే. నడిపేవాడి చోటు నాకు పట్టదు, పక్కన కూర్చునేవాడి చోటు కొలిచి చేసినట్టుంది. అప్పుడు మాత్రం నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను.

కూతురినీ అల్లుణ్ణీ పడవ దగ్గరికి రమ్మన్నాను. పరీక్ష మర్నాడే.

"ఏమిటిది?" అన్నాను.

"ఏది మామయ్యా?"

"అంతా. తీసెయ్. రేపు పొద్దునకల్లా నా పడవ నాకు కావాలి."

"ఒక్క పూటలో పోయేవి కావు మామయ్యా. ముక్కు కింద అడ్డంగా గొట్టం దూర్చి మోటారు పెట్టాను. ఈ పిడి ఎటు తోస్తే ముక్కు అటు జరుగుతుంది. దాన్నిప్పుడు పీకితే నీళ్లొచ్చేస్తాయి."

"నన్ను పక్కన కూర్చోబెట్టి నువ్వు నడుపుదామనుకున్నావు. మామ ముసలాడయ్యాడు, పనికిరాడు. అంతేగా?"

అల్లుడు పీట ఎక్కి నిలబడ్డాడు. అతను నాకంటే పొడుగు. కప్పు కింద మెడ పక్కకు విరుచుకుని కొంగలా నిలబడి, "దీని మీద నేనెలా నడుపుతాను, మీరే చెప్పండి" అన్నాడు.

"మరి ఎవరి కోసం?"

అల్లుడు కూతురి వైపు చూశాడు. కూతురు నీళ్ల వైపు చూసింది.

"అమ్మ కోసం నాన్నా."

అర్థం కాలేదు. "మీ అమ్మ పోయింది కదే" అన్నాను.

"పోకముందు."

అప్పుడు చెప్పారు. ఒకళ్లు మొదలుపెడితే ఒకళ్లు అందుకున్నారు. నా భార్యకు పడవ నడపాలని ఉందట. మధ్యాహ్నం నేను అన్నం తిని పడుకున్నాక అల్లుణ్ణి వెంటపెట్టుకుని రేవుకు వచ్చేదట. ఇదే పడవ మీద నేర్చుకుందట. ఇంజను డీజిలు తాగేస్తోందని ఆ ఏడు నేను ఫిల్టరు మార్పించాను. రేవులోని మెకానిక్‌ను తిట్టాను కూడా. నా భార్య పక్కనే ఉండి, "పాపం, వాణ్ణేం అంటారు, ఇంజను పాతబడింది" అంది. ఇంజను పాతబడిందట.

"స్టీరింగు అందక గూట్లోకి తొంగి చూసినట్టు చూసేది" అన్నాడు అల్లుడు. "అందుకే పీట. స్విచ్చిలు కిందికి. మెట్టు దగ్గర కమ్మీ ఆవిడ చెయ్యి చాపి చూపించిన చోటే పెట్టాను."

"ముందు నిలబడి దారి చెప్పేదెవరట?"

"నేనూ అదే అడిగాను. మామయ్యని నిలబడి చెయ్యి చూపించమనొచ్చుగా అత్తయ్యా అని."

"ఏమంది?"

అల్లుడు తటపటాయించాడు. కూతురు అందుకుంది. "'ఆయన నిలబడడు. నిలబడినా తప్పు చెయ్యి చూపిస్తాడు. పైగా నన్నే తిడతాడు. కెమెరా పెట్టు బాబూ, దానికి నోరుండదు' అంది అమ్మ."

అని నవ్వేసింది. నేను నవ్వలేదు. ఆ కెమెరా ముక్కు మీద, ఆమె నిలబడే చోటే బిగించి ఉంది. తెర దానిదే.

"ఈ కుర్చీ?"

"నీకే నాన్నా. నువ్వు నిద్రపోతుంటే అమ్మ దర్జీ అంకుల్ దగ్గర టేపు తెచ్చి కొలిచింది."

అంటే దర్జీకి కూడా తెలుసు.

"ఆమె పోయాక ఎందుకు చేశావు?" అని అల్లుణ్ణి అడిగాను.

"సామానంతా ఆవిడ ఉండగానే ఆర్డరు పెట్టించింది మామయ్యా. ఆవిడ పోయాక అది చేతికొచ్చింది. ఒక్కరే నడపడానికి మీకూ పనికొస్తుందనుకున్నాం. కొలతలు మాత్రం నాకు మార్చబుద్ధి కాలేదు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే మీరు పడవ ఎక్కేవారు కాదు."

"ఆమె నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేవాణ్ణి. అది వేరే సంగతి."

మర్నాడు అధికారి ఈల మెడలో వేసుకుని వచ్చాడు. సన్నటి మనిషి, మాట మాత్రం లావు. రెండుసార్లు అవకాశం ఇస్తానన్నాడు. దర్జీ తన పడవకు నా వైపంతా పాత టైర్లు వేలాడదీశాడు. "ఏమనుకోకన్నా, చలికని చొక్కా తొడిగాను" అన్నాడు. గట్టు మీద కూతురు, అల్లుడు. ఎవరినీ పడవ ఎక్కనివ్వలేదు.

నది మధ్యకు వెళ్లి తిప్పుకుని వచ్చాను. పీట పక్కగా ఒంటికాలి మీద నిలబడ్డాను. నా చోటు రెండు గుంజల మధ్య ఉంటుంది, కుడి వైపు దర్జీ పడవ. వేగం తగ్గించాను. గుంజలు దగ్గరయ్యాయి. ఎంత తిప్పాలో చూద్దామని ముక్కు మీద చెయ్యి కోసం చూశాను. అక్కడ కమ్మీ ఉంది, కమ్మీ మీద కెమెరా ఉంది. చెయ్యి లేదు. చూస్తూ ఉండిపోయాను. తోక టైర్ల వైపు తిరిగిపోయింది. అధికారి ఈల వేశాడు.

వెనక్కి తీశాను. ఇన్నేళ్లు నడిపినవాణ్ణి, రేవు నీళ్లు ఎలా పోతాయో నాకు తెలియలేదు. చెయ్యి చూపిస్తే చెయ్యే చూస్తాం, నీళ్లెందుకు చూస్తాం. ఆ అలవాటు చేసింది ఆమె.

రెండోసారి పీట మీద నిలబడబోయాను. తల తగిలింది. వంగితే నడుము పట్టేసింది. విసుగొచ్చి దాని మీద మోకాళ్లు ఆన్చాను. అప్పుడు తెర సరిగ్గా కళ్ల ఎదురుగా వచ్చింది. స్టీరింగు రొమ్ము ముందుకు వచ్చింది. పిడి చేతి కింద ఉంది, ఏదీ వెతుక్కోనక్కర్లేదు.

తెరలో నా చోటు కనపడింది. నేనెప్పుడూ చూడని వైపు నుంచి కనపడింది. గుంజల మొదట్లో నీళ్లు మడత పడుతున్నాయి. అక్కడి నుంచి దర్జీ పడవ వైపు లాక్కుపోతున్నాయి. వెనక నుంచి అది కనపడదు. గుంజలు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే ఆమె చెయ్యి ఎడమకు ఊపేది. ఎందుకంత తొందర అని నేను అరిచేవాణ్ణి. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు.

మడత ముందే పిడి ఎడమకు తోశాను. ముక్కు కింద మోటారు గుర్రుమంది. పడవ పక్కకు జరిగి, నీళ్లు లాగినంత మేర లాగించుకుని, మధ్యలోకి వచ్చింది. టైర్లకు తగల్లేదు. తాళ్లు వేశాను.

అధికారి వంగి లోపలికి చూశాడు. "మోకాళ్ల మీద నడుపుతారేంటండీ?"

"నా పడవ, నా మోకాళ్లు."

"సరే. చోటు మీదే."

దర్జీ టైర్లు విప్పుకుంటూ నా వైపు చూడలేదు. టేపు సంగతి నేను అడుగుతానని భయం కాబోలు. అడగలేదు. అతనితో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

అల్లుడు పడవలోకి దూకాడు. "మామయ్యా, ఇప్పుడు తీరిగ్గా పీట తీసేసి, స్విచ్చిలు మీ ఎత్తుకు..."

"చెయ్యి వెయ్యకు."

"మోకాళ్లు పోతాయి."

"పోనీ."

అతనికి అర్థం కాలేదు. తీసెయ్యమన్నదీ నేనే, వద్దన్నదీ నేనే. నాకూ అర్థం కాలేదు. సీజను మొదట్లో నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి తను పీట ఎక్కుదామనుకుందట. కూర్చునేవాణ్ణా? ఆలోచిస్తే తల తిరుగుతుంది. కూర్చునేవాణ్ణి కాదు. కూర్చున్నా ఊరుకునేవాణ్ణి కాదు. అది ఆమెకు తెలియదా? తెలిసీ నడుముకు మెత్త ఎందుకు పెట్టించింది?

కూతురు నా పక్కకు వచ్చి నిలబడింది. "అమ్మ ఎలా నడిపేదో చెప్పనా నాన్నా? ఒకసారి వంతెన దాకా వెళ్లి..."

"వద్దు."

"ఒక్క మాట. అక్కడ ఒక పెద్ద పడవ ఎదురొస్తే అమ్మ ఏం చేసిందో తెలుసా?"

"వద్దన్నానా."

వాళ్లమ్మ ఏం చేసిందో నాకు తెలియదు. తెలుసుకోను.

రేవులో చోటు నిలిచింది. ఎండలు మొదలైతే ఒక్కణ్ణే పైకి వెళ్తాను. నా భార్య నాకు చెప్పకుండా చేసింది, అల్లుడు తోడుపోయాడు, కూతురు దాచింది. ముగ్గురినీ క్షమించలేదు. అడిగినవాళ్లకు ఈ ఒక్కసారికి చెప్పాను. మళ్లీ ఎవరడిగినా ఈ విషయం నా నోట రాదు.